తొండం దిగిన రోజు నా చేతిలో గుడ్డ

అది ఎనభై రెండో సంవత్సరం, వినాయక చవితి వెళ్ళిన వారం. విశాఖపట్నానికీ భీమునిపట్నానికీ నడుమ ఒడ్డున ఉన్న మా పేటలో అప్పుడు నేను పెద్దవలకు గుడ్డ ఊపే పని చేసేదాన్ని. ఇలాంటి పని ఒకటి ఉందని చేపలు కొనుక్కునే వాళ్ళకు తెలియదు. ఇప్పుడైతే ఆ పని చేసేవాళ్ళూ పెద్దగా మిగల్లేదు. అందుకని ముందు దాని సంగతి చెబుతాను. నాకు సంతకం వరకే వచ్చు. నోటితో చెబుతున్నాను, ముందుది వెనక్కి వెళితే మీరే సర్దుకోండి.

పెద్దవల ఒడ్డు నుంచి లాగే వల. దాని ఒక తాడు ఒడ్డున జనం పట్టుకుని ఉంటారు. పడవ ఆ వలను మోసుకుపోయి, చేపల గుంపు చుట్టూ దించుకుంటూ తిరిగి, రెండో తాడు తెచ్చి ఇంకోచోట ఒడ్డుకు ఇస్తుంది. ఇక రెండు వైపులా లాగడమే. చిక్కేమిటంటే, పడవలో కూర్చున్నవాడికి గుంపు కనపడదు. ఇసుక దిబ్బ ఎక్కి చూస్తేనే కనపడుతుంది. గుంపు ఉన్న చోట నీళ్ళు కమిలిన ఒంటిలా నల్లబడి, సన్నగా వణుకుతాయి. దిబ్బ మీద ఒక మనిషి తెల్లగుడ్డ పట్టుకుని పడవకు దారి చెప్పాలి. ఎడమకు ఊపితే భీమిలి వైపు, కుడికి ఊపితే పట్నం వైపు, తల మీద తిప్పితే ఇంకా లోపలికి. రెండు చేతులూ పైకెత్తి గుడ్డ నిలబెడితే, వల దింపమని. అంతే, నాలుగే గుర్తులు. మా మరిది దానయ్య దీన్ని సిగ్నల్ అనేవాడు. పోర్టులో ఓడలకు జెండాలు ఎగరేసి చెప్పేదాన్ని అలాగే అంటారట.

"పోర్టులో సిగ్నల్ మేన్‌కి గవర్నమెంటు జీతం, మా వొదినకి తట్టెడు కవళ్ళ సేపలు" అని నవ్వేవాడు.

ఆ పని మొదట మా ఆయనది. ఆయన రొమ్ము చెడిపోయి తెడ్డు వేయలేకపోయాక దిబ్బ ఎక్కాడు. నేను దిబ్బ కింద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టుకుంటూ ఆయన చూసేదంతా చూసేదాన్ని. ఆయన పోయాక ఇద్దరు మగవాళ్ళు ఆ పని చేసి చూశారు. మేఘం నీడ పడితే గుంపనుకుని పడవను తిప్పించారు. విసిగిపోయి దానయ్యే పేట పెద్దను అడిగాడు, మా వొదినకు చూపు ఉంది, గుడ్డ ఆమెకిమ్మని. విధవ ఎదురుపడితే పడవ దిగదు కదా, పెద్ద ఒప్పుకోలేదు. చివరికి ఒక ఒప్పందం చేశారు. పడవ అలలు దాటేదాకా నేను దిబ్బ వెనక కూర్చోవాలి. దాటాక ఎక్కాలి. అంటే నా ముఖం చూపకూడదు, గుడ్డ మాత్రం చూపాలి. నాలుగేళ్ళు అలాగే చేశాను.

ఆ రోజు మధ్యాహ్నం గాలి పూర్తిగా పడిపోయింది. సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. పడవలో దానయ్యతో కలిపి ఏడుగురు. పట్నం వైపు మంచి గుంపు కనపడింది, కవళ్ళే. నేను కుడికి ఊపుతున్నాను, వాళ్ళు వస్తున్నారు. ఎంత దగ్గరికి రావాలో చూసుకుంటూ ఉంటే, వాళ్ళ వెనక, దూరంగా, నల్లటి మబ్బు అడుగున ఒకటి వేలాడుతూ కనిపించింది. ఆవు పొదుగు జారినట్టు ఉంది. చూస్తుండగానే సాగింది. దాని కింద సముద్రం ఒకచోట అన్నం కుండలా ఉడకడం మొదలుపెట్టింది. పైది కిందికి, కిందిది పైకి, రెండూ కలిశాయి.

మబ్బు నుంచి సముద్రంలోకి దిగే సుడిగాలిని తొండం అంటారని మా వాళ్ళు చెప్పగా విన్నాను. నలభై ఏళ్ళు ఒడ్డున బతికి ఎప్పుడూ చూడలేదు. తుఫానైతే రేడియో చెబుతుంది, పోర్టులో గుర్తు ఎగరేస్తారు. దీనికి ఎవరూ ఏమీ చెప్పరు. బూడిద రంగులో, తాటిచెట్టు కంటే లావుగా, వంకరగా నిలబడింది. లోపల నీళ్ళు తిరుగుతూ పైకి పోవడం కళ్ళకు తెలుస్తోంది. అది నిలబడి ఉందనుకున్నాను. కాదు, పెద్దదవుతోంది. పెద్దదవుతోందంటే మా వైపు వస్తోందన్నమాట, అది నాకు కాసేపటికి గాని తట్టలేదు.

పడవలో వాళ్ళ చూపంతా నా మీదే. వాళ్ళ పని అది. అందుకే వాళ్ళ వెనక ఏముందో వాళ్ళు చూడలేదు.

అప్పుడు నేను "ఓలమ్మో!" అని రెండు చేతులూ పైకెత్తేశాను. చేతిలో గుడ్డ ఉంది.

దానయ్య లేచి నిలబడటం చూశాను. వాళ్ళు వల దింపడం మొదలుపెట్టారు. నేను "వద్దు, వద్దు" అని అరుస్తున్నాను, అంత దూరం నా గొంతు ఎక్కడ పోతుంది? వద్దని చెప్పడానికి గుడ్డలో గుర్తు లేదు. కుడికి ఊపాను, ఎడమకు ఊపాను. వాళ్ళు వల దింపుతూనే, ఇదేం ఊపుడురా అన్నట్టు నన్ను చూస్తున్నారు. ఇంతలో తొండం చప్పుడు వాళ్ళకూ చేరింది. పోర్టులో గూడ్సు బండి నుంచి ఇనుప రాయి ఒక్కసారిగా కుమ్మరించినట్టు, ఆగకుండా. అప్పటికి సగం వల నీళ్ళలో ఉంది. వలతో పడవ ఎటు పారిపోతుంది? వల తాడు కోయడానికి ఒకడు కత్తి తీశాడు. అంతే కనపడింది.

తొండం పడవ నడిమికి తగల్లేదు, అంచు తగిలింది. పడవ బొంగరంలా రెండు చుట్లు తిరిగి బోర్లా పడింది. తర్వాత తొండం ఒడ్డెక్కింది. నేను దిబ్బ మీద బోర్లా పడి సరుగుడు వేరు పట్టుకున్నాను. నాకు ఒక ఇరవై బారల దూరంలోంచి పోయింది. చెవులు మూసుకుపోయాయి, ఒంటి మీద చీర ఉందో లేదో తెలియలేదు. మా నెత్తళ్ళు ఎండబెట్టిన వలలన్నీ చేపలతో సహా పైకి లేచిపోయాయి. తాటాకు పాక కప్పు విప్పిన గొడుగులా ఎగిరింది. తర్వాత ఒక్కసారి చప్పుడు ఆగిపోయింది. ఇసుకా చేపలూ నీళ్ళూ కలిసి నా వీపు మీద పడ్డాయి. నోట్లో పడిన చుక్క ఉప్పగా ఉంది.

లేచి చూస్తే, ఒడ్డున తాడు పట్టుకున్న వాళ్ళలో సగం మంది పారిపోయారు. పడవలో ఉన్న గంగులు పెళ్ళాం నూకాలు మాత్రం తాడు నడుముకు చుట్టుకుని ఇసుకలో కూలబడి ఉంది. "తాడు ఒగ్గీకండర్రా! మావోలు వల పట్టుకునుంతారు, లాగండి!" అని అరుస్తోంది. పరిగెత్తి నేనూ పట్టుకున్నాను. ఆమె అన్నట్టే అయింది. వలకు కట్టిన బెండ్లు పట్టుకుని ఒక్కొక్కరే తేలుతూ వచ్చారు. ఏడుగురూ వచ్చారు. గంగులు తొడ ఎముక పడవ అంచు కింద నలిగిపోయింది. మిగతా వాళ్ళకు దెబ్బలే.

ఆ సాయంత్రం నుంచి పేటంతా నా గురించే మాట. నేను దిబ్బ ఎక్కడమే ఇష్టపడని పేట పెద్ద మా గుమ్మంలోకి వచ్చాడు.

"ముండమోసినదాని సేతిలో గుడ్డేటని అన్నాను, నా నోరు కాలిపోను. గంగమ్మే నీ వొంటిమీదికొచ్చి వల దింపించీసింది అమ్మీ. వల నేకపోతే ఆలేటి పట్టుకునుందురు?"

నూకాలు కొబ్బరికాయ పట్టుకొచ్చి నా కాళ్ళకు మొక్కబోయింది. "అప్పా, నా తాళి నిలబెట్టినావు" అని ఏడ్చింది. నన్ను లాక్కుపోయి గంగులు మంచం దగ్గర నిలబెట్టింది. వాడు నొప్పితో పళ్ళు కొరుకుతూనే, "ఓసే, తాళి ఎక్కడికీ పోదు గానీ, ముందు నా కాలి కింద ఆ బొంత సరిగ్గా ఎట్టే" అన్నాడు.

నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. నేను చేతులెత్తకుండా ఉంటే, వాళ్ళు నా గాబరా చూసో, వెనక్కి చూసో తెడ్డు వేసి ఒడ్డుకు వచ్చేసేవారు. గొంతు అందదు గాని, తెడ్డుకు అంత దూరం కాదు. దిబ్బ మీది నుంచి కొలిచిన కన్ను నాది, నాకు తెలియదా? వల వాళ్ళను తేల్చింది నిజమే. అక్కడ ఆపిందీ ఆ వలే.

మర్నాడు దానయ్యతో చెప్పాను. "నాను వల దింపమన్నేదు దానయ్యా. భయమేసి సేతులు ఆటికవే లెగిసిపోనాయి."

వాడు చిరిగిన వలను పక్కన పెట్టాడు. "ఇంకెవులికైనా సెప్పినావేటి?"

"నీకే."

"అయితే ఊరుకో వొదినా. గుడ్డ మీద నమ్మకం పోతే పడవ కదల్దు. నీ పనీ పోద్ది. ఏటి తింతావు?"

"మల్లీ తొండం దిగితే?"

"అది రోజూ దిగుద్దేటి?"

"దిగిన్నాడు నా సేతులు మల్లీ ఇలాగే లెగుస్తాయి. నువ్వు మల్లీ వల దింపుతావు."

నేను వారం రోజులు ఊరుకున్నాను. ఆ వారంలో జనం పెట్టిన మర్యాద ఎప్పుడూ ఎరగను. మళ్ళీ పడవ దిగేనాడు దిబ్బ ముందే నిలబడమన్నారు. తట్ట బరువు మోసిన రోజు కూడా ఒళ్ళు ఆ మర్యాదకు అలిసినంత అలిసిపోలేదు.

తర్వాత వల బాగుచేస్తూ అందరూ ఇసుకలో కూర్చున్న చోటికి వెళ్ళి చెప్పేశాను. ఇంకో మాట కూడా అడిగాను. భయపడిన మనిషి ఎవరైనా చేతులు పైకెత్తుతారు, కాబట్టి ఆ గుర్తు ప్రమాదానికి ఉంచండి. వల దింపడానికి వేరే గుర్తు పెట్టండి, గుడ్డ మోకాళ్ళ దగ్గర పట్టుకుని మెల్లగా ఊపమనండి. భయంలో ఎవరూ అలా ఊపరు.

నూకాలు చేతిలో దారం ఆగిపోయింది. పేట పెద్ద ముఖం మాడిపోయింది. "తప్పు సేసిందీ నువ్వే, తాతలనాటి గుర్తు మార్సమందీ నువ్వేనా? పడవలో వోలు పాత అలవాటుకి దింపీస్తే?"

అప్పుడు మంచం మీద తెచ్చి పడుకోబెట్టిన గంగులు గొంతు లేచింది. "కాలు పోనాది నాది. మార్సమని నానూ అంతన్నాను. అలవాటయ్యేదాకా రోజూ ఒడ్డున ఆడించండి, పిల్లల ఆటలాగ."

గుర్తు మార్చారు. గుడ్డ మాత్రం నా దగ్గర నుంచి తీసుకుని పేట పెద్ద తమ్ముడికి ఇచ్చారు. చేపలు తక్కువ పడినా సరే అన్నారు. దానయ్య నా తరఫున రెండు మాటలు అని ఊరుకున్నాడు, అంతకంటే వాడు మాత్రం ఏం చేస్తాడు? నూకాలు రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. నేను తట్ట నెత్తిన పెట్టుకుని పట్నంలో సీతమ్మధార వీధి వీధీ తిరిగి ఎండు చేపలు అమ్ముకున్నాను. మెడ నరాలు ఇప్పటికీ లాగుతాయి.

మూడో ఏట ఒక రోజు నేను దిబ్బ కింద చేపలు తిరగేస్తున్నాను. పడవలో గంగులు చోట ఇంకొకడు ఉన్నాడు. మబ్బు కమ్మింది, సముద్రం మీద తెల్లగా ఏదో లేచింది. దిబ్బ మీద పేట పెద్ద తమ్ముడు ఒక్క కేక పెట్టి రెండు చేతులూ పైకెత్తేశాడు. పడవ వల దింపలేదు. తిరిగి, తెడ్లు విరిగేలా వేసుకుంటూ ఒడ్డుకు వచ్చేసింది. చూస్తే అది తొండం కాదు, ఉత్తి గాలివాన. గుంపు కళ్ళ ముందే చెదిరిపోయింది.

పనిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. తెలివిగా ఉన్న రోజుకు గుర్తులు అందరూ పెట్టుకుంటారు. భయపడిన రోజుకు కూడా ఒకటి పెట్టుకోవాలి. అది భయపడిన మనిషి చేయగలిగేదై ఉండాలి. ఆ గుర్తు ఉంటే కొన్ని రోజులు చేపలు పోతాయి, మాటలు పడాలి.

ఆ రోజు పడవలో వాళ్ళు దిగీ దిగగానే దిబ్బ మీది వాణ్ణి, వాడి కళ్ళను, ఆ గుర్తు పెట్టించిన నన్నూ కలిపి నోటికొచ్చినట్టు తిట్టారు. అందరికంటే గట్టిగా దానయ్యే తిట్టాడు. నేను తల ఎత్తకుండా చేపలు తిరగేస్తూ గొంతులు లెక్కపెట్టుకున్నాను. ఏడూ ఉన్నాయి.