స్వామికి వీపు పెట్టి

నా కుడి చెవి పనిచేయడం మానేసి ఏడాది దాటింది. ఎడమదీ అదే దారిలో ఉంది. శ్రీకూర్మం గుడిలో గైడ్లకు శిక్షణ ఇవ్వడానికి ఒప్పుకున్నప్పుడు ఆ సంగతి చెప్పలేదు. చెబితే ‘పాపం’ అనేసి మరొకరిని పిలుస్తారు. వినపడనివాళ్లతో, కళ్లు కనపడనివాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పడానికి చెవులు బాగున్న మనిషే కావాలి మనవాళ్లకి.

ఆఖరి రోజు పరీక్ష. గజపతినగరం నుంచి ఒకావిడ వచ్చింది. ఆ పూటకి యాత్రికురాలు ఆమే. పుట్టు చెవుడు, పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటుంది. గైడ్లలో పెద్దాయన ఆమెకు స్థలపురాణం చెప్పాలి. ఆయన గర్భగుడికి ఎదురుగా నిలబడి, చేతులు జోడించి మొదలుపెట్టాడు. మాకు కనిపించింది ఆయన వీపు. ఆమె నా వైపు చూసింది. నాకూ గొణుగుడు తప్ప ఏమీ అందలేదు.

“ఇటు తిరగండి బాబూ. వీపు చూస్తే ఆవిడకి ఏం తెలుస్తుంది?” అన్నాను.

ఆయన తల మాత్రం తిప్పాడు. “ఏటమ్మా మీరు! సామికి వీపెట్టి సామి కత సెప్తారేటి? ఇరవయ్యేళ్లయి ఇలాగే సెప్తన్నాను.”

“ఇరవయ్యేళ్లూ ఆయన కథ ఆయనకే చెప్పారన్నమాట. ఆయనకు తెలియదా?”

మిగతా గైడ్లు నవ్వారు. పళ్లు కనిపించాయి కాబట్టి నవ్వే అనుకున్నాను.

పెద్దాయన స్వామికి దండం పెట్టి, లెంపలేసుకుని, మా వైపు తిరిగాడు.

“సామికి ఎనకనుంచయినా ఇనపడతాది. ఈ తల్లికే ఇనపడదు.”

పాలసముద్రం, మందరపర్వతం, కిందికి దిగిన తాబేలు. ప్రతి మాటా ఆయన పెదవుల మీద చూశాను. ఆమె తలూపుతూనే ఉంది.

తల వంచుకుని మార్కులు వేస్తున్నాను. ఎవరో మోచేయి తట్టారు. ఆమే. నా వెనక్కి చూపించింది. పెద్దాయన అక్కడ నిలబడి ఉన్నాడు. ఎన్నిసార్లు పిలిచాడో. నా ముఖంలోకి చూశాడు. చుట్టూ తిరిగి నా ముందుకొచ్చి, వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడ్డాడు. రెండో రోజు నేను నేర్పిన పాఠమే. అరవలేదు, పెదవులు సాగదీయలేదు.

“పాసయ్యానా అమ్మా?”

“అయ్యారు.”

నాకు వినపడదని ఆయన ఇక ఎవరికైనా చెప్పొచ్చు. ఈ పని పోవచ్చు. సిగ్గో భయమో కలగాలి. ఏదీ కలగలేదు. ఆయన అక్కడినుంచి కదలలేదు.

“పెసాదం తినేసి ఎల్దురు గాని, రండమ్మా,” అన్నాడు, అదే వెలుతురులో, అంతే నెమ్మదిగా.

మార్కుల కాగితం మీద సంతకం పెట్టి ఆయనకిచ్చాను.