కొత్త టీవీ మొహాన ఫోకస్ లైటు

ఇల్లు తగలబడలేదు గానీ, ఆ సాయంత్రం మా హాల్లో నా పరువు పూర్తిగా తగలబడింది. రాయడం నాకు ఇదే మొదలు. మీరు మాత్రం నవ్వడానికి మొహమాటపడకండి.

మా ఆవిడ రమణమ్మ చోడవరంలో ఏరికోరి హెచ్‌డీఆర్ టీవీ, అంటే వెలుగునీడలు బాగా చూపించే రకం, కొంది. కొట్లో పువ్వులూ చేపలూ చూపిస్తే కళ్లు జిగేలుమన్నాయి. ఇంటికొచ్చాక రాత్రి సీను వస్తే చాలు, బొగ్గుల బస్తాలోకి తొంగిచూసినట్టే. సినిమాలో దొంగ సొరంగంలో దూరాడని మాటల్ని బట్టి తెలుసుకోవాలి.

ఆడలేక మద్దెల ఓడంటారు. చూడ్డం రాక నేను టీవీ ఓడన్నాను, వాపసు ఇచ్చేద్దామన్నాను. రమణమ్మ మొహం చిన్నబోయింది. తన ఇష్టంతో కొన్న మొదటి వస్తువు మరి. కొట్టతనికి ఫోన్ చేస్తే, వచ్చి చూసి, లోపముంటే పట్టుకుపోతానన్నాడు.

అతను వచ్చేసరికి సంధ్యవేళ. ఆ వేళ ఇల్లు చీకటిగా ఉంటే లక్ష్మీదేవి గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతుందని మా అమ్మ నమ్మకం. అందుకే లైట్లన్నీ వేసేసింది. టీవీకి ఎదురుగానే రెండు ట్యూబులైట్లు. కొట్టతనికి ఆ దొంగ సీనే పెట్టి చూపించాను. అన్ని లైట్లున్నా సొరంగం నల్లగానే ఉంది. చీకటిగా ఉందంటే వెలుగు చాలలేదనేగా? పరుగున పోయి, మా గానుగ దగ్గర బెల్లం వండేటప్పుడు వేసుకునే ఫోకస్ లైటు తెచ్చి టీవీ మొహాన కొట్టాను. దీపం కింద చీకటి అందరికీ తెలుసు. చీకటి మీద దీపం పెట్టినవాణ్ని నేనొక్కణ్నే.

తెర మీద మనిషి కనబడ్డాడు.

"అదిగో దొంగ," అన్నాను.

"సరిగ్గా సూడరా, అది నువ్వే," అంది అమ్మ.

కొట్టతను గడ్డం గోక్కున్నాడు. "ఏటండీ, టీవీకి పెళ్లిచూపులేటి?"

రమణమ్మ లేచి ఫోకస్ ఆపింది, ట్యూబులైట్లూ ఆపింది. అంతే. సొరంగం గోడ మీద తడి, దొంగ చెవికి పోగు, నలుపులో ఎన్ని నలుపులో, అన్నీ తేలాయి. ఇలాంటి టీవీలో చీకటి కూడా బొమ్మేనట, ఎదురు లైటు పడితే దాన్ని మింగేస్తుందట. కొట్టతను చెబుతుంటే నేను నేల చూశాను.

"మరి లచ్చిందేవి ఎలాగొస్తాదే?" అంది అమ్మ చీకట్లోంచి.

రమణమ్మ టీవీ వెనకాల గోడకి జీరో బల్బు పెట్టింది. "ఈ ఎలుగు సాల్దేటి అత్తా?"

అమ్మ గుమ్మం వైపు తిరిగి చూసింది. "గుమ్మం కనబడతంది. సాల్లే."

బొమ్మ చెడలేదు, కళ్లకీ హాయిగా ఉంది. టీవీ మా ఇంట్లోనే ఉండిపోయింది, రమణమ్మ నవ్వూ తిరిగొచ్చింది.

ఆ జీరో బల్బు సాక్షిగా ఒట్టు: ఇకమీదట నాకు దొంగ కనబడితే, అది నేను కాదని తేల్చుకున్నాకే అరుస్తాను.