పేరు లేని వైరు

జగ్గయ్యపేటలో బస్సెక్కి కూర్చున్నానో లేదో, రేడియోలో ముప్పయ్యేళ్లు పనిచేసానని పక్కసీటు మనిషికి చెప్పేసా. అతని ఒళ్లో హెడ్‌ఫోను, ఆడియో వైర్లు కనపడ్డాయి మరి, ఊరుకోబుద్ధి కాలేదు.

"దేవుడిలా దొరికారండి బాబాయిగారూ," అంటూ అతను రెండు వైర్లు తీసాడు. ఒకటి పెద్ద కంపెనీది. ఇంకోటి ఇంట్లో తనే అల్లి, టంకం పెట్టుకున్నది, పేరూ గీరూ లేనిది. "కళ్లు మూసుకుని రెండూ వినండి. నాది బాగుందంటే ఈ పనే చేసుకుంటా. లేదంటే మానేసి ఎక్కడన్నా ఉద్యోగంలో చేరతా."

ఒక వైరు హెడ్‌ఫోనుకి తగిలించి సన్నాయి పాట వినిపించాడు. తీసి రెండోది తగిలించాడు. నాకు రెండుసార్లూ సన్నాయి సన్నాయిలాగే ఉంది.

"రెండోదే నీదబ్బాయ్! దీని ముందు కంపెనీది ఎందుకూ పనికిరాదు," అన్నా.

అతను పెద్దగా నవ్వి, ఆ రెండో వైరు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. "ఉంచుకోండి," అని నందిగామలో దిగిపోయాడు.

ఇంటికొచ్చి చూస్తే దానిమీద కంపెనీ పేరుంది.

నిజం చెప్పేస్తున్నా. రేడియో వినడమే తప్ప అందులో పనిచేసింది లేదు. వత్సవాయిలో లెక్కల మాస్టారిని. కుడిచెవి సరిగా వినపడదు కూడాను.

ఇంతకీ ఎందుకు నవ్వినట్టు? రేడియో ఆయనే తేడా పట్టలేకపోయాడనా, తనది ఓడిపోయిందనా? ఎన్నిసార్లు వేసినా ఈ లెక్క తేలడం లేదు. నందిగామ వెళ్లినప్పుడల్లా ఆడియో సామాన్ల కొట్లో ఇంట్లో అల్లిన, పేరు లేని వైరు అమ్మకానికి వచ్చిందా అని అడుగుతున్నా.

"పేరు లేనిది ఎందుకండీ మాస్టారూ, కంపెనీది తీసుకోండి," అంటాడు కొట్టతను.