పదిహేడు ముద్రల కాగితం

బు సున్‌దక్‌ను సంఘానికి కార్యదర్శిగా ఎన్నుకున్నప్పుడు ఆమె ఆ గదిలోనే లేదు. వెనక వంటింట్లో పదిహేడు మందికి గుల్లల జావ కలుపుతోంది. గరిటెతోనే బయటికి వచ్చేసరికి ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతున్నారు. "ఎవరికే ఈ చప్పట్లు?" అంటే "నీకే" అన్నారు. చేజు దీవి తూర్పు ఒడ్డున ఆ ఊళ్లో సముద్రంలో మునిగి గుల్లలు ఏరే ఆడవాళ్లలో, ఇంకా పని నేర్చుకుంటున్న కొత్త పిల్లను లెక్కలోకి తీసుకోకపోతే, ఎనిమిదేళ్లు బడికి వెళ్లింది ఆమె ఒక్కతే. జావ అడుగంటకుండా చూసుకోవాలో, పదవి వద్దని పోట్లాడాలో తేల్చుకునేలోగా సభ ముగిసింది.

అరవై ఒక్కేళ్ల మనిషి. పద్నాలుగో ఏట నీళ్లలో దిగింది. మరీ లోతుకు పోయే రకం కాదు, ఒడ్డునే తారట్లాడే రకమూ కాదు. నలభై ఏడేళ్లుగా ఆమెది నడిమి వరసే. ఆ సంగతి లోలోపల కాస్త గుచ్చుకునేది గానీ ఎవరితోనూ అనేది కాదు.

పదవి వచ్చిన నెలకే ఆగస్టు తుపాను వాళ్ల బట్టలు మార్చుకునే గది పైకప్పును ఎగరేసుకుపోయింది. నీళ్లు కాచే బాయిలరూ పాడైంది. దాంతో అందరూ మళ్లీ అమ్మల కాలంలోలా ఒడ్డున రాళ్ల గోడ చాటున మంట వేసుకుని, వణుక్కుంటూ తడి బట్టలు విప్పుకోవాల్సి వచ్చింది. జట్టుకు పెద్ద అయిన హ్యన్ చున్‌వల్‌కు ఎనభై ఏళ్లు. గది బాగున్న కిందటి చలికాలంలోనే ఆమె రెండు నెలలు దగ్గింది. గది బాగుచెయ్యడానికి మండలాఫీసు సాయం చేస్తుంది. కాకపోతే దరఖాస్తు చేత్తో రాస్తే తీసుకోరు, టైపు చెయ్యాలి. చివర పట్టికలో అందరి పేర్లూ, పేరు పక్కన సంతకానికి బదులు ఎవరి పేరు చెక్కిన ముద్ర వాళ్లదీ ఉండాలి. నవంబరులో మొదటి శుక్రవారం గడువు. ఒక్క ముద్ర తగ్గినా మాట మళ్లీ వచ్చే ఏడాదికే.

అందుకని సముద్రం అల్లకల్లోలంగా ఉండి పని లేని రోజుల్లో సున్‌దక్ మండలాఫీసు మేడ మీద ఉచిత కంప్యూటరు తరగతికి పోసాగింది. చెప్పేది యాంగ్ టీచరమ్మ. మొదటి రోజే టీచరమ్మకు గది మూలనుంచి సన్నగా ఈల వినిపించింది. ఎవరా అని చూస్తే సున్‌దక్. వాక్యం మొదలుపెట్టగానే ఊపిరి బిగబట్టి, చుక్క పెట్టాక, నీళ్లలోంచి పైకి తేలినప్పుడు వాళ్లంతా వేసే ఈలే వేస్తూ వదులుతోంది.

"అమ్మా, ఇక్కడ గాలి ఉంది. పీల్చుకుంటూ టైపు చెయ్యొచ్చు" అంది టీచరమ్మ.

"అలవాటమ్మా. చేతులు పని చేస్తుంటే ముక్కు దానంతటదే మూసుకుపోతుంది."

ఆ చేతులు ఇనప కొంకితో రాళ్లకు అంటుకున్న గుల్లల్ని పెకలించిన చేతులు. మీటను ఒకసారి నొక్కితే తెర మీద అదే అక్షరం పదకొండుసార్లు పడేది. సేవ్ చెయ్యాలని తెలియక మొదటి ఉత్తరం మొత్తం పోగొట్టుకుంది. పట్టికలోని వరసలు సరిపెట్టడానికి రెండు రోజులు కూర్చుని ఖాళీ మీటే టకటకా కొట్టింది. చూడ్డానికి ముచ్చటగా కుదిరింది కూడా. ఒక పేరులో తప్పు దిద్దగానే వరసలన్నీ తలో దిక్కుకూ పారిపోయాయి. ఆమె బిక్కమొహం చూసి టీచరమ్మ నవ్వు ఆపుకుని, గీతల పట్టిక గీయడం, శీర్షికను నడిమికి తేవడం, అక్షరాలను లావు చెయ్యడం నేర్పింది. సున్‌దక్ ఆ వారమంతా కనపడ్డ ప్రతిదాన్నీ లావు చేసింది. ఇంట్లో మొగుడికి రాసిపెట్టే "అన్నం కుండలో ఉంది" కూడా శీర్షిక పెట్టి అచ్చుకొట్టి తెచ్చింది.

చివర్లో టీచరమ్మ ఇంకో మీట చూపించింది. అది నొక్కితే పేర్లన్నీ వాటంతటవే అక్షర క్రమంలో సర్దుకున్నాయి. సున్‌దక్ ఆనందం పట్టలేక మూడుసార్లు నొక్కి చూసుకుంది. గడువు ఇంకో రెండు రోజులుందనగా, బుధవారం పొద్దున్నే అచ్చు తీసి, మడత పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి మంట దగ్గరికి తీసుకెళ్లింది.

మంట చుట్టూ ఎవరు ఎక్కడ కూర్చోవాలో వాళ్లకు కొత్తగా చెప్పుకోనక్కర్లేదు. గాలి వచ్చే వైపు పొగ ఉండదు కాబట్టి అది అందరికన్నా లోతుకు పోయేవాళ్లది. అక్కణ్ణుంచి అటూ ఇటూ అంతస్తుల వారీగా వచ్చి, పొగ కొట్టే చివర కొత్తవాళ్లు. చున్‌వల్‌కు తన పేరు ఆనవాలు పట్టడం తప్ప చదువు రాదు. కాగితం మీద వేలు పెట్టి పైనుంచి వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ల అక్షరమాలలోనూ క ముందు, హ చివర. పేరు అట్టడుగున దొరికింది.

"మొదట ఎవరున్నారే?"

పొగలోంచి కాంగ్ యరిన్ తనే దగ్గుతూ చెప్పింది. "నేనే అమ్మమ్మా." రాజధానిలో ఉద్యోగం మానుకుని ఈ మార్చిలోనే వచ్చిన పిల్ల. రెండు నిలువుల లోతుకే చెవులు పట్టుకుని పైకి వచ్చేస్తుంది.

"ఓహో. నిన్న గాక మొన్న నీళ్లలో కాలు పెట్టిన పిల్ల నెత్తి మీద, నేను అడుగున. బాగుంది."

"ఆ వరస నేను పెట్టలేదు పెద్దమ్మా. మెషీను పెట్టింది."

"ఆ మెషీను ఎప్పుడైనా నీళ్లలో మునిగిందా?"

"మునిగితే పాడైపోతుంది."

"మరి ఎవరెక్కడుండాలో దానికేం తెలుసే?"

సున్‌దక్ బుర్రకు గబగబా పదును పెట్టింది. "మనలో సముద్రం అడుగుదాకా పోయేది నువ్వే కదా పెద్దమ్మా! అందుకే అడుగున ఉన్నావనుకో."

అందరూ పకపకా నవ్వారు. చున్‌వల్ కూడా నవ్వింది. "టైపు నేర్చాక నోరు కూడా బాగా తిరుగుతోందే నీకు. ముద్ర మాత్రం వెయ్యను" అని ముద్ర దాచుకునే చిన్న సంచి మూతి బిగించి నడుముకు కట్టేసుకుంది. పెద్దామె కట్టేశాక మిగతావాళ్లు విప్పుతారా? పదిహేను సంచులు లోపలికి పోయాయి.

మధ్యాహ్నం ఇంటికొచ్చి సున్‌దక్ సంఘం ల్యాప్‌టాప్‌లో వరస మార్చబోయింది. పై ముగ్గురి దగ్గర చిక్కు లేదు. నాలుగో పేరు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నన్ను ఫలానాదాని కింద పెడితే ఊరుకోనని ఒకావిడ, నీళ్లలోని రాతి మెట్టల దగ్గర మునిగేటప్పుడు దానికన్నా నేనే లోతని ఇంకొకావిడ. ఫోను వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త దస్త్రం తయారైంది. "చివరిది", "అసలు చివరిది", "ఒట్టు, ఇదే చివరిది" అని పేర్లు పెట్టుకుంటూ పోయి, ఇక ఏడుపొచ్చి కంప్యూటరు మూసేసింది. వీళ్ల పంతాలు కాలిపోను, చలికి వణికేది వీళ్లే కదా అని తిట్టుకుంది.

గురువారం కెరటాలు పెద్దవిగా ఉన్నాయి, పని లేదు. అయినా అందరూ మంట దగ్గరికి చేరారు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు గనక. సున్‌దక్ సంఘం ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి, బతిమాలుదామని నోరు తెరిచి, అలాగే ఆగిపోయింది. అందరూ ఎవరి చోట్లో వాళ్లు కూర్చుని కమలాపళ్లు ఒలుచుకుంటున్నారు. కంప్యూటరులో పొద్దస్తమానం వెతికిన వరస కళ్ల ముందే ఉంది.

"కదలకండి! ఎవరూ లేవకండి" అని అరిచింది. "మీరు కూర్చున్న వరసే రాస్తున్నాను. తగువున్నవాళ్లు ఇప్పుడే చోటు మారండి."

ఒక్కరూ కదల్లేదు. చున్‌వల్ దగ్గర మొదలుపెట్టి, ఆ పక్కనున్న మున్ ఓక్‌సెంగ్, ఆ తర్వాతివాళ్లు, ఇలా ఒక్కో ముఖాన్నీ చూసి ఒక్కో పేరూ కొడుతూ వచ్చింది. తొమ్మిదో చోటు తనది. అక్కడికి వచ్చేసరికి గాలి తిరిగి పొగ మొహాన కొట్టింది. కళ్లు నీళ్లు కారాయి.

"ఏడుస్తున్నావేమే?" అంది చున్‌వల్.

"పొగ పెద్దమ్మా."

"ఇలా వచ్చి నా పక్కన కూర్చో. అక్షరాలు కనపడొద్దూ?"

"అది ఓక్‌సెంగ్ అక్క చోటు."

"దానికి కాళ్లు లేవా? జరుగుతుంది."

"జరుగుతాను గానీ, నా వాటా గుల్లలు మాత్రం జరగవు" అంటూ ఓక్‌సెంగ్ జరిగింది. సున్‌దక్ ఆ సందులో ఇరుక్కుని మిగతా పేర్లు పూర్తిచేసి, పైనుంచి కిందిదాకా చదివి వినిపించింది. మొదట చున్‌వల్, చివర యరిన్. ఎవరూ గొణగలేదు.

"ఆగు" అంది చున్‌వల్. "నీ పేరు తొమ్మిదో చోట చదివావు. కూర్చున్న వరసే రాస్తానన్నావుగా?"

"అవును."

"నువ్విప్పుడు ఎక్కడ కూర్చున్నావు?"

"పొగని కదా వచ్చాను పెద్దమ్మా. నేను మీ అంత లోతుకు పోలేను. నలభై ఏడేళ్లుగా చూస్తూనే ఉన్నావు."

"చూశాను. ఈ మూణ్ణెల్లూ నువ్వు ఆ మేడ మీద ఒక్కదానివే మునిగి వచ్చావే, ఆ నీళ్లలో దిగే దమ్ము మా పాతవాళ్లలో ఒక్కదానికైనా ఉందా? రాయి."

ఓక్‌సెంగ్ ఏమంటుందోనని సున్‌దక్ పక్కకు చూసింది. ఓక్‌సెంగ్ ఒలిచిన పండు సగం తుంచి ఆమె నోట్లో కుక్కి, "రాయవే, ఆకలేస్తోంది" అంది. తొమ్మిదో గడిలోని పేరు తీసి రెండో గడిలో పెట్టడానికి సున్‌దక్‌కు నాలుగుసార్లు పట్టింది. గుండె నిండిపోయి, ఏ మీట ఎక్కడుందో మర్చిపోయింది.

పక్కనే చేపల కొట్టంలోని ప్రింటరులో కాగితం వేడివేడిగా వచ్చింది. పదిహేడు సంచులూ విచ్చుకున్నాయి. చున్‌వల్ తన ముద్రను ఎర్ర సిరాలో అద్ది, రెండు చేతులతో అదిమి, ఆరేదాకా ఊది, కాగితాన్ని పక్కకు జరిపింది. తరవాతి వంతు సున్‌దక్‌ది. పై గడిలోని చున్‌వల్ ముద్ర కేసే చూస్తూ అదిమేసరికి ఆమెది కొంచెం వంకరగా పడింది. ఇంకో కాగితం తీద్దామా అని యరిన్ అడిగితే, వద్దు, అలాగే ఉండనీ అన్నారు అందరూ.