చార్జి తీసేసినా పోని బరువు

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, మా లెక్కల సారును మించిన దయ్యం ఉంటుందనుకోలేదు.

ఎనభైలలో హన్మకొండలోని ఒక కాలేజీలో కంప్యూటర్‌కు కార్డులు కొట్టేవాణ్ణి. సార్లు రాసిన లెక్కను అట్టకార్డుల మీద చిల్లులుగా కొట్టడం నా పని. ఎందుకో నాకు అక్కర్లేదు. కానీ ఫిజిక్సు చెప్పే రామచంద్రం సార్ వివరించనిదే ఊరుకోరు. పరమాణువు నడిమి గింజను పట్టి ఉంచే బలమైన శక్తిని, గళ్లుగళ్లుగా విడదీసిన చిన్న ఊహా పెట్టెలో లెక్కగట్టడం ఆయన పరిశోధన. దానికి కరెంటు చార్జిని కూడా కలిపారు. చార్జి ఉంటే, ఒకేలా ఉండే జంట కణాల్లో ఒకటి రవ్వంత బరువెక్కుతుంది. చార్జి సున్నా చేస్తే రెండూ చివరి అంకె దాకా సమానంగా రావాలి. రాకపోతే ప్రోగ్రామే తప్పు, నాలుగేళ్ల థీసిస్ గోవిందా. థీసిస్ ఇవ్వడానికి గడువు ఇంకా మూడు రోజులే.

సున్నా పెట్టి నడిపాం. తేడా వచ్చింది. అదీ, చార్జి ఉన్నప్పుడు వచ్చినంతే, ఒక్క అంకె పొల్లుపోకుండా.

"ఏం కొట్టినవ్ మల్లేశం?"

"సున్నానే సార్. బడిల నాకు వచ్చిన మార్కే అది, దాన్ల తప్పు పోతనా?"

ఆయన నవ్వలేదు. ఆ ముందువారమే దసరా. మిషన్‌తోపాటు కార్డుల కట్టకూ నేను కుంకుమ బొట్లు పెట్టాను. "నీ బొట్టు తడికి కార్డు ఉబ్బింది" అని నా మీద పడ్డారు. అక్కసుతో కట్టంతా కొత్తగా కొట్టాను, బొట్టు లేకుండా. మర్నాడు ఒక్కో కార్డూ ఆయన చదువుతుంటే నేను సరిచూశాను. మళ్లీ నడిపితే, అచ్చయి వచ్చిన కాగితం పైన చార్జి సున్నా అనే పడింది. కింద అదే తేడా.

మూడో రోజు మధ్యాహ్నం అదే కట్టను, ఒక్క కార్డూ మార్చకుండా, మళ్లీ పెట్టాం. రెండు బరువులూ సమానం.

"అయిపాయె సార్. గీ కాయిదం పెట్టి ఇచ్చెయ్యుండ్రి. తక్కినయి చింపేద్దాం."

"గదే కట్ట గద మల్లేశం. నిన్నటిది అబద్ధం, ఇయ్యాల్టిది నిజమని ఎట్ల సంతకం పెడ్త?"

పెట్టలేదు. గడువు దాటిపోయింది.

కంప్యూటర్ మెమరీ చెడి ఉంటుందంటారు తెలిసినవాళ్లు. చెడితే పిచ్చి అంకె రావాలి కదా, లేని చార్జి సరిగ్గా తన తూకంతోనే రెండుసార్లు ఎట్లా వచ్చింది అంటే మాట మారుస్తారు.

సార్ డాక్టర్ కాకుండానే రిటైరయ్యారు. తలచుకుంటే దయ్యం మీదకంటే ఆయన మీదే ఎక్కువ చిరాకు. అయితే, ఆ మూడు కాగితాలూ నా దగ్గరే ఉన్నాయి. చింపేద్దామన్న నేనే, ఇన్నేళ్లలో ఒక్కటీ చింపలేకపోయాను.