ఇస్పేటుకి ఒక పోటు

"కళ్ళు మూసుకో. ఇప్పుడు బొటనవేలితో ఆ మూల తడుము. ఎన్ని?"

రెండన్నాను. మూడట.

"నీ వేళ్ళకి పని తక్కువైంది," అంటూ దర్జీ పిన్ని పేకముక్క నా చేతిలోంచి లాక్కుంది.

ఆవిడ మా వీధి చివరి గదిలో ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతోంది. చొక్కాకి ఊడిన గుండీ కుట్టించుకుందామని వెళ్ళాను. చూస్తే, కుట్టుమిషను బల్ల మీద బట్టకి బదులు పేకముక్కలు పరిచి ఉన్నాయి. పట్టుబట్టకి వాడే సన్నసూదితో ఒక్కో ముక్క మూలలో వెనకనుంచి పొడుస్తోంది. ముందువైపు ఆవగింజంత బుడిపె లేస్తోంది. ఇస్పేటుకి ఒక పోటు, కళావరుకి రెండు, ఆఠీనుకి మూడు, డైమనుకి ఏమీ లేదు. ఎందుకని అడిగితే, గుండీ కుడుతూ చెప్పుకొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నాలు వీధి హాల్లో తురుపు ఆడతారు. ఆ పాతకాలపు ఆట ఇంకెక్కడా ఆడగా నేను చూడలేదు. బల్లకి నలుగురు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ఆట సాగినంతసేపు జతవాళ్ళు మాట్లాడుకోకూడదు, కనుసైగ కూడా పనికిరాదు. పిన్నికి జత వాళ్ళ వదిన, టెలిఫోను ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. బయట ఇద్దరికీ పలకరింపులు అంతంతమాత్రమే. ఆ బల్ల దగ్గర మాత్రం ఇరవై రెండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే బుర్ర.

ఈమధ్య వదిన రెండుసార్లు తప్పాడింది. ఎదుటివాళ్ళు ఇస్పేటు దింపితే, చేతిలో ఇస్పేటు పెట్టుకుని కళావరు వేసింది.

"అంకె కనిపిస్తోంది, దానికిందున్న బొమ్మే అలుక్కుపోతోంది ఆవిడకి. నోరు విప్పి చెప్పదు. అడిగితే నామీదికే లేస్తుంది."

మూడోసారి తప్పాడితే ఆ జట్టు బల్ల వదులుకోవాలి. హాలు నియమం అది. పెద్ద బొమ్మల పేక కొనొచ్చుగా అన్నాను. కొంటే ఎవరికోసమో అందరికీ తెలిసిపోతుందట, ఆ మర్నాటినుంచి వదిన మోకాళ్ళ నొప్పులని ఇంట్లో కూర్చుంటుందట.

"మరి ఇది దొంగాట కాదా పిన్నీ?"

ఆవిడ దారం పళ్ళతో తెంపి, నన్నో వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. నలుగురికీ చెప్పి ఆడేది దొంగాట ఎలా అవుతుందంది. ముక్కల వెనకంతా చుక్కల డిజైను, పోటు ఎదుటివాళ్ళ కంటికి ఆనదు. ముక్క పట్టుకున్న వేలికే తెలుస్తుంది.

తర్వాత పేక సర్ది, పాత కొలతల టేపుతో కట్టి నాకిచ్చింది.

"హాలు చూసే మాస్టారికివ్వు. ఆదివారం ఆట మొదలవకముందే మా బల్లవాళ్ళందరి చేతా తడిమించమను. ఎవరికోసమని అడిగితే, నా కళ్ళు మందగించాయని చెప్పు."

కళ్ళు మందగించిన దర్జీకి బట్ట ఎవరిస్తారు? అదే అడిగాను.

పిన్ని గట్టిగా కళ్ళు మూసుకుని, దారం కొస నాలికతో తడిపి సూదిలోకి పోనిచ్చింది. మొదటిసారి పక్కకి పోయింది. రెండోసారి ఎక్కింది.

"ఇచ్చేవాళ్ళే ఇస్తారు. నువ్వు బయల్దేరు, మాస్టారు తాళం వేసుకుపోతారు. దారిలో మా వదిన ఎదురైతే మాత్రం, ఆ పేక కాస్త చొక్కా లోపల పెట్టుకో."