ఒత్తి గీసిన గోడ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అక్షరాలకంటే ముందు నేర్పింది అనుమానించడం. నాంపల్లి స్టేషను వెనక సందులో మా ఇల్లు. కాలేజీ మానేసి సర్కారుకు వ్యతిరేకంగా సభలంటూ తిరిగిన మా బాబాయి కోసం పోలీసులు వెతుకుతుండేవారు. ఆయనేమో మా వెనకగదిలోనే ఉండేవాడు. ఎవరడిగినా పూనాలో చదువుతున్నాడని చెప్పాలి. ఆ గదికి రైలుపట్టాల వైపు ఒక తలుపుంది. అది బయట ఎవరికీ తెలియకూడదు.

అలాంటి రోజుల్లో, ఆబిడ్స్‌లోని మా బడికి మెదక్ వైపు నుంచి కొత్తగా వచ్చిన టీచరమ్మ, భూగోళం పాఠంలో ఎవరి సందు పటం వారు గీసుకురమ్మంది. ఏ ఇల్లు ఎక్కడ, ఎవరుంటారు, తలుపులు ఎటు, అన్నీ ఉండాలట. నేను ఊరుకుంటానా? ఎందుకని అడిగాను.

"దేశాల పటాలు తర్వాత బిడ్డా. ముందుగాల నీ గల్లీ నీకు ఎరుక కావాలె" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మా నాయనమ్మకు అసలే నచ్చలేదు. "మనింటికి ఎన్ని తలుపులుంటె గామెకేంది? పాఠం చెప్పనీకి వచ్చిందా, పత్తా తీయనీకి వచ్చిందా?"

అందుకే నా పటంలో మా ఇంటికి ఒక్కటే తలుపు. వెనకగదే లేదు. దాని చోట గోడ గీశాను. నమ్మరేమోనని దాని మీదే మళ్ళీ గీశాను, ఇంకోసారి ఒత్తి గీశాను.

మర్నాడు టీచరమ్మ నా పటం చూస్తూ సరిగ్గా ఆ గోడ మీద వేలు పెట్టింది. బాబాయి దొరికిపోయినట్టే అనుకున్నాను. ఆమె నా పెన్సిల్ తీసుకుని, నా పక్కనే కూర్చుని, సందులోని ఇళ్ల గోడలన్నిటినీ ఒక్కొక్కటిగా అంతే మందంగా దిద్దింది.

"ఒక్క గోడకే గింత జోరు పెడితె, చూసెటోని కన్ను గాడనే పడ్తది" అంది, నాకొక్కదానికే వినబడేలా.

ఇంట్లో చెబితే నాయనమ్మ తల బాదుకుంది. మంచి మాట చెప్పి ముంచేవాళ్లు లేరా అంది. బాబాయిని వేరే చోటికి పంపుదామంటే ఆయనకు ఒళ్లు తెలియని జ్వరం.

మూడోనాడు తనిఖీ అంటూ ఒకాయన బడికి వచ్చాడు. విద్యాశాఖ మనిషో, పోలీసు మనిషో నాకిప్పటికీ తెలియదు. గోడకు అంటించిన మా పటాల మీద ఇల్లిల్లూ వేలితో తడుముతూ పోయాడు. ఒక పిల్ల పటంలో చెరిపిన మరక కనిపిస్తే ఇదెవరిల్లని గద్దించాడు. అది మేకల కొట్టమని చెప్పేసరికి ఆ పిల్ల ఏడ్చేసింది. ఆ వేలు మా ఇంటి గోడ మీదుగా కూడా నడిచింది. ఆగలేదు. టీచరమ్మ నా వైపు కన్నెత్తి చూడలేదు.

జ్వరం తగ్గాక బాబాయి తన కాళ్లమీద తానే నడిచి ఊరు దాటాడు.

ఆమెను అనుమానించినందుకు నాకు సిగ్గు లేదు. ఆ పటాలు గీయించాలన్న ఆలోచన ఆమెదేనా, పైవాళ్లదా అన్నది నాకు ఈనాటికీ తేలలేదు. కానీ ఆ గోడ వెనక ఏముందని ఆమె నన్ను ఒక్కసారీ అడగలేదు. ప్రతిదానికీ ఎందుకని నిలదీసే నోరు నాది. అడగకుండా కాపాడటమన్నది ఆవిడ దగ్గర చూశాను. ఇన్నేళ్లయినా, ఎవరైనా నా ముందు తలదించుకుని ఏదో దాస్తున్నారని తెలిసినప్పుడు, నాలుక చివరిదాకా వచ్చిన ప్రశ్నను ఎంతో కష్టపడి మింగుతుంటాను.